వాసన పోయేదాకా

ఫిబ్రవరి 3, మంగళవారం

డాక్టరమ్మ చెప్పేసింది. కంటి నరం ఎండిపోతోందట. రెండు కళ్ళకీ. కుడి కన్ను ముందు నడుస్తోంది, ఎడమ కన్ను దాని వెనకే బయల్దేరిందట. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కొన్నాళ్ళు పట్టి ఉంచడానికి చుక్కల మందు రాసింది. ఎండాకాలం దాటేసరికి వెలుగూ నీడా తప్ప ఇంకేం కనపడకపోవచ్చు అంది. సాయంత్రం వాన పడొచ్చు అన్నంత మామూలుగా అంది.

ముందు రంగులు పోతాయట. మిగతాది తర్వాత.

రంగులు! నాకు! కార్ల పెయింట్ షాపులో రంగులు కలిపే మనిషిని నేను. ఎవరి కారుకో దెబ్బ తగులుతుంది, తలుపు మారుస్తారు, పాత రంగుకీ కొత్త రంగుకీ తేడా తెలియకుండా కలిపివ్వాలి. ఓనరు రంగు చదివే మిషన్ ఒకటి కొన్నాడు. అది తడబడిన రోజున నన్నే పిలుస్తాడు. దాని మొహం, దానికేం తెలుసు అంటాను నేను. షాపంతా నవ్వుతారు.

ఇంటికొచ్చి థిన్నర్ డబ్బా మూత కిటికీ దగ్గర పెట్టాను. ఎడమ కంటితో చూస్తే ఎరుపు. కుడి కంటితో చూస్తే ఇటుక. మళ్ళీ చూశాను. మళ్ళీ ఇటుకే.

మా ఆయనకి చెప్పాను. కాలేజీ క్యాంటీన్‌లో వంట ముగించుకుని అప్పుడే వచ్చాడు. ఏం కాదులే, అంతా బాగవుతుంది అన్నాడు. ఈయనకి ప్రపంచంలో అన్నీ బాగుంటాయి. మాడిన అన్నం బాగుంది, చిరిగిన గొడుగు బాగుంది, నేను కత్తెరతో పాడు చేసుకున్న జుట్టు కూడా బాగుంది. ఇంత మంచివాడితో మాట్లాడి ఏం తెలుసుకుంటాను?

ఫిబ్రవరి 4, బుధవారం

ఏడవడం అయిపోయింది. టైం లేదు.

బీరువా మీద నుంచి అమ్మ కారు బొమ్మ కిట్ దించాను, మనమే అతికించి రంగు వేసుకునేది. అమ్మ నడిపిన కారే, అదే మోడలు. ప్లాస్టిక్ ముక్కలుగా ఉంది, అతికిస్తే అరచేతి కంటే కాస్త పొడుగు. అల్మరా నిండా నేను చేసిన కార్లు ఉన్నాయి. దీన్ని మాత్రం విప్పలేదు. చెయ్యి ఇంకా తిరగనీ, ఇంకా తిరగనీ అనుకుంటూ కూర్చున్నాను. మహా తెలివైనదాన్ని.

అమ్మ ఆడవాళ్ళకి డ్రైవింగ్ నేర్పేది. సెకండ్ హ్యాండ్ కారు కొని, గ్యారేజీలో మిగిలిపోయిన రంగు డబ్బాలు అడిగి తెచ్చి, అన్నీ బకెట్లో కలిపి, బ్రష్షుతో తనే వేసుకుంది. వీధి మలుపులో ఉండగానే అది అమ్మ కారని తెలిసిపోయేది. ఆ రంగు ఏ కంపెనీ క్యాటలాగులోనూ లేదు. వెతికాను. మిగిలిన ఒక్క ఫోటో బ్లాక్ అండ్ వైట్. అమ్మ బానెట్ మీద చెయ్యి వేసి నవ్వుతుంటుంది, కారు బూడిద రంగులో ఉంటుంది. కారు ఎప్పుడో తుక్కు కింద పోయింది. అమ్మా పోయింది.

ఇప్పుడా రంగు రెండు బుర్రల్లో మిగిలింది. ఒకటి నాది, రెండోది మా అక్కది. అక్కని మేమంతా జడ్జి అంటాం. అబద్ధం ఆడదు, ఆడనివ్వదు. కొత్త పెళ్ళికూతుర్ని చూసి ముక్కు పొడుగు అని మొహం మీదే చెప్పే రకం. అమ్మ కారు ఆకుపచ్చ అంటుంది. కాదు, అందులో నీలం ఉంది అంటాను నేను. పోయినసారి దాని మీదే మాటా మాటా పెరిగింది. అప్పట్నుంచి ఫోన్లు లేవు. కళ్ళ సంగతి దానికి చెప్పను. చెప్తే గుడ్డిదానివి అయిపోతున్నావా అని సూటిగా అడుగుతుంది.

నా బుర్రలో ఉన్న రంగు నా కళ్ళతో చూసుకుంటూ బయటికి తీయాలి. కళ్ళు పోయాక బుర్రలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అంతే పని. అంతకంటే నాకేం వద్దు.

ఫిబ్రవరి 5

ముక్కల్ని గోరువెచ్చని సబ్బునీళ్ళలో కడిగాను. కొత్త వాళ్ళు ఇది మానేస్తారు, తర్వాత రంగు పొట్టులా లేచిపోతే కంపెనీని తిడతారు. అచ్చులోంచి ఊడి రావడానికి పూసిన నూనె ముక్కల మీద ఉంటుంది. చేతి జిడ్డు కూడా అంతే. కడిగాక వేళ్ళతో పట్టుకోకూడదు. బాడీని బోర్లించిన సీసా మీద టేపుతో నిలబెట్టాను. ఇక సీసానే పట్టుకోవడం.

ఫిబ్రవరి 8, ఆదివారం

ప్రైమర్ వేశాను, రంగు పట్టు కోసం దాని కింద వేసే పూత. తెల్లది. బూడిద రంగు ప్రైమర్ మీద ఏ రంగు వేసినా చచ్చినట్టు కనిపిస్తుంది. స్ప్రే డబ్బాని ముందు గోరువెచ్చని నీళ్ళలో ఉంచాలి. నొక్కడం కారు పక్కన మొదలుపెట్టి, కారు దాటాక ఆపాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు. మొదటి కోటు మంచు పడ్డట్టు పలచగా. అప్పుడే నిండిపోవాలని ఆశపడితే రంగు కారుతుంది. నేల తడిపాను, దుమ్ము లేవకుండా. వేశాక పైన అట్టపెట్టె మూశాను.

పని చేస్తున్నంత సేపూ భయం గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 9

పెట్టె తీసి చూడాలని చెయ్యి లాగుతోంది. చూడను.

ఫిబ్రవరి 11, బుధవారం

రంగు కలపడం మొదలు. ప్లాస్టిక్ స్పూన్లు ఒక కట్ట తెచ్చాను. కలిపిన ప్రతిసారీ స్పూను వీపు మీద వేసి చూడాలి. స్పూను వీపు కారు బానెట్‌లాగే ఉబ్బుగా ఉంటుంది, వెలుగు దాని మీద అలాగే జారుతుంది. తడి రంగుని నమ్మకూడదు. ఆరాక ముదురుతుంది. ట్యూబ్‌లైటు కింద అసలు నమ్మకూడదు. అందుకే పొద్దున్నపూట కిటికీ దగ్గరే.

కుడి కన్ను దండగ. దాని మీద దూదీ టేపూ అంటించేశాను. ఎడమ కన్నే నా సాక్షి. మా ఆయన చూసి హడలిపోయాడు. తర్వాత బాగుంది అన్నాడు.

ఇవాళ స్పూన్లన్నీ చెత్తబుట్టలోకే. ఒకటి మరీ ఆస్పత్రి గోడ రంగు. ఇంకోటి చిలక.

ఫిబ్రవరి 14, శనివారం

దొరికింది!!

నలుపు. ఒక్క టూత్‌పిక్ మొన మీద పట్టినంత నలుపు. నాకు తట్టనే లేదు. గ్యారేజీ డబ్బాల్లో నలుపు లేకుండా ఉంటుందా? అది పడగానే రంగు ఒక్కసారి వెనక్కి తగ్గి కూర్చుంది. స్పూను ఆరాక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక సీట్లో నేనూ అక్కా, ముందు అమ్మ, పక్కన వణికిపోతూ స్టీరింగ్ పట్టుకున్న ఎవరో ఆవిడ, క్లచ్ తల్లీ క్లచ్ అని అమ్మ అరుపు. మొత్తం వచ్చేసింది. కుర్చీలో కూలబడి భోరుమని ఏడ్చాను. ఇదే. ఇంకో మాట లేదు, ఇదే.

మిగతా వాటితో కలిసిపోకుండా ఆ స్పూను కాడకి కత్తితో గంటు పెట్టాను. రంగు సీసాలో పోసి మూత బిగించాను.

రేపు స్ప్రే.

ఫిబ్రవరి 15

వాన. ఈ కాలంలో వానేమిటి, నా ఖర్మ కాకపోతే? తేమలో స్ప్రే చేస్తే రంగు మీద తెల్లగా పొగ పట్టినట్టు అవుతుంది. దాన్ని పోగొట్టడం ఎవరి తరమూ కాదు. ఆగాలి.

ఫిబ్రవరి 19, గురువారం

ముసురు. గోడలు చెమ్మగిల్లాయి. అయినా వేసేద్దామా అని సీసా మూత దాకా వెళ్ళింది చెయ్యి. మళ్ళీ పెట్టేశాను. తొందరపడి పాడు చేసినవాళ్ళని ఎంతమందిని తిట్టాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు నేనే చేస్తానా?

దేవుడా, ఒక్క పొడి రోజు ఇవ్వు. ఎక్కువ అడగడం లేదు.

ఫిబ్రవరి 24

ఇంకా ముసురే. షాపులో తలనొప్పితో తల పగిలిపోయింది. బిల్లు మీద అంకెలు ఈదుతున్నాయి.

మార్చి 1, ఆదివారం

పరిగెత్తుకొచ్చి రాస్తున్నాను. సంతోషంతో.

పొద్దున్న కుడి కంటి మీది టేపు విప్పి రెండు కళ్ళూ పరీక్ష చేశాను. థిన్నర్ మూత. ఎడమ కంటితో చూశాను, కుడి కంటితో చూశాను. రెండూ ఒకటే! తేడా లేదు! మళ్ళీ చూశాను, మూత మార్చి చూశాను, దిండు గలీబు చూశాను. రెండు కళ్ళూ ఒకటే మాట చెప్తున్నాయి. కుడి కన్ను కోలుకుంటోంది. చుక్కల మందు పని చేసింది. డాక్టరమ్మలకి అన్నీ తెలుసా ఏం?

మా ఆయన్ని వంటింట్లోంచి లాక్కొచ్చి చెప్పాను. ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను చెప్పలేదా అంతా బాగవుతుందని అన్నాడు. మొదటిసారి ఆయన మాట నిజమైంది.

ఎండ కూడా కాసింది.

మార్చి 5, గురువారం

ఒక చిక్కు. గంటు పెట్టిన స్పూను చెడిపోయింది. రంగు వెలిసి పాలిపోయినట్టుంది, పసరు పోసినట్టు. నీలమంతా ఎటో పోయింది. కిటికీలో ఎండ తగిలి ఉంటుంది, లేదా ఆ నీలం డబ్బా నాసిరకం. సీసాలో రంగు కూడా అలాగే ఉంది. ఇన్ని రోజులు ఉంచితే ఇంతే మరి.

ఫరవాలేదు. ఇప్పుడు రెండు కళ్ళున్నాయి నాకు. సీసాలోకి నీలం పోస్తూ కలిపాను. ఇంకొంచెం. ఇంకొంచెం. చివరికి అమ్మ కారు వచ్చింది. ఆ గంటు స్పూను మా ఆయనకి ఇచ్చేశాను, సబ్బుపొడి డబ్బాలో వేసుకోమని.

మార్చి 7, శనివారం

స్ప్రే చేశాను. పొడి ఎండ, గాలి లేదు, నేల తడి. మూడు పలచని కోట్లు, మధ్యలో ఆగుతూ. ఎక్కడా కారలేదు. నారింజ తొక్కలా గరుకు రాలేదు. అద్దంలా పరుచుకుంది. ఇంత బాగా ఎప్పుడూ రాలేదు నాకు.

మా ఆయనకి చూపించాను. కారునీ నన్నూ మార్చి మార్చి చూశాడు. తర్వాత బాగుంది అన్నాడు.

ఇప్పుడు అసలు రూలు. వాసన పోయేదాకా ముట్టుకోకూడదు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. ఆరిందా అని వేలు పెట్టి చూస్తే వేలిముద్ర పడుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. పెయింటు వాసన ఏ కాస్త వచ్చినా ఇంకా టైం పడుతుందన్నమాట. కంటి కంటే ముక్కు నయం ఈ విషయంలో.

మార్చి 11, బుధవారం

తలుపు మార్పించుకున్న ఒకాయన కారు షాపుకి వెనక్కి తెచ్చాడు. నేను కలిపిన రంగే. తలుపు ఒక రంగు, బండి ఒక రంగు అని గోల పెట్టాడు. నాకు రెండూ ఒకటే అనిపించింది. కళ్ళు సరిగ్గా లేవేమో చూపించుకోండి అన్నాను ఆయనతో. ఓనరు నన్ను లోపలికి వెళ్ళి టీ తాగి రమ్మన్నాడు.

తిరిగొచ్చేసరికి రంగు చదివే మిషన్ ఆన్ చేసి ఉంది. ఎవరూ నా మొహం చూడలేదు.

మార్చి 15, ఆదివారం

జడ్జి వచ్చింది. మా ఆయన ఫోన్ చేశాడట నాకు తెలియకుండా. ఈ మనిషికి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో.

బ్యాగు కూడా కింద పెట్టలేదు. కళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదే అని మొదలుపెట్టింది. నయమవుతోంది, రెండూ ఒకటే చూస్తున్నాయి, కావాలంటే చూడు అని కారు మీద పెట్టె తీశాను. నా జీవితంలో అంత గర్వంగా ఏదీ చూపించలేదు.

అక్క వంగి చూసింది. ఏ కారు ఇది అని అడిగింది. అమ్మ కారే అన్నాను. అమ్మ కారేమిటి, ఇది పోలీసు వ్యాను, ఇంత కటిక నీలం పూశావేంటి అంది.

ఏమన్నానో అన్నీ రాయలేను. కుళ్ళుబోతువి అన్నాను. నీకు ఆకుపచ్చ తప్ప ఏ రంగూ తెలీదు అన్నాను. చిన్నప్పట్నుంచి నా పని ఏదీ నీకు నచ్చదు అన్నాను. వెళ్ళిపో అన్నాను. వెళ్ళలేదు. సోఫాలో కూర్చుంది. మా ఆయన వైపు తిరిగి, నువ్వు చెప్పవయ్యా, ఇదేం రంగు అని అడిగింది. ఆయన గోడ వైపు చూస్తూ, నీలం అన్నాడు. ముదురు నీలం అన్నాడు.

బాగుంది అన్నావుగా అన్నాను. వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

మార్చి 16

వాళ్ళిద్దరూ కూడబలుక్కున్నారు. అంతే.

మార్చి 17, మంగళవారం

షాపుకి అందరికంటే ముందు వెళ్ళాను. సీసాలో రంగు చదునైన అట్టముక్క మీద పూసి, ఆరబెట్టి, ఆ దిక్కుమాలిన మిషన్ కింద పెట్టాను. జీవితంలో మొదటిసారి దాన్ని ఒక మాట అడిగాను.

నీలం అని చూపించింది. ఆకుపచ్చ పేరుకి ఉంది.

తర్వాత బుద్ధిగా కూర్చుని ఆలోచించాను. రెండు కళ్ళూ ఒకటే మాట చెప్పాయి. చెప్తాయి మరి. కుడిది పైకి రాలేదు. ఎడమది కిందికి దిగింది, దాని దగ్గరికి. సాక్షి కూడా అటే పోయింది, నేను పండగ చేసుకున్నాను. నీలం నా కంటికి ఆనడం మానేస్తే రంగు వెలిసిందనుకుని సీసాలో నీలం గుమ్మరించాను. గుమ్మరించి గుమ్మరించి, ఆహా వచ్చింది అనుకున్నాను.

ఓనరు వచ్చాడు. తెరపై అంకెలు చూశాడు, నన్ను చూశాడు. ఇవాళ్టికి ఇంటికి వెళ్ళమ్మా అన్నాడు. ఇవాళ్టికి మాత్రమే కాదని ఇద్దరికీ తెలుసు.

మార్చి 18

అయిపోయింది. అమ్మ రంగు ఇక లేదు. ఏ రంగు చూసినా అది ఆ రంగేనో కాదో చెప్పడానికి నాకిక సాక్షి లేదు.

మార్చి 20, శుక్రవారం

కారు బాడీని బయట పారేద్దామని వీధి చివర చెత్తకుండీ దాకా వెళ్ళాను. పారేయడానికి చెయ్యి రాలేదు. వెనక్కి వచ్చి బ్రేక్ ఆయిల్ పోసిన డబ్బాలో ముంచేశాను. ఎనామెల్ రంగు ఊడగొట్టడానికి అదే మందు. రంగు ముడతలు పడి తోలులా లేస్తుంది, ప్లాస్టిక్‌కి ఏమీ కాదు. గ్లవ్స్ వేసుకోవాలి. వేసుకోలేదు. చేతులు మండాయి. మండనీ.

పాత టూత్‌బ్రష్షుతో రుద్దాను. నీలం అంతా పోయిందట. అక్క చెప్పింది. నన్నడిగితే మురికి పోయింది అంటాను.

అక్క ఇంకా ఇక్కడే ఉంది. వెళ్ళమంటే వినదు. ఇల్లంతా సర్దేస్తోంది, ఏది ఎక్కడ ఉందో నాకు తెలియకుండా చేస్తోంది. అరిచాను. అన్నీ మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టింది, ఒక్క మాట అనకుండా. దానికంటే అరిచి ఉంటే బాగుండేది. జడ్జి నోరు మూసుకుందంటే నేను నిజంగా గుడ్డిదాన్ని అయిపోతున్నట్టే.

మార్చి 22, ఆదివారం

మధ్యాహ్నం మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను. బట్టలు ఉతకడానికి కూర్చున్న అక్క ఉన్నట్టుండి బాత్‌రూమ్‌లోంచి అరిచింది. పాము వచ్చిందేమో అనుకున్నాను. తడి చేతులతో పరిగెత్తుకొచ్చి నా భుజం పట్టి ఊపేసింది. ఏమిటే ఇది, ఇది దగ్గర పెట్టుకుని ఆ పోలీసు వ్యాను చేశావా, నీకు బుద్ధుందా అని తిట్టింది.

ఏది అన్నాను. చేతిలో పెట్టింది. స్పూను. సబ్బుపొడి గరగరలాడుతోంది దాని నిండా.

ఇదే అంటోంది. అమ్మ కారు ఇదే, ఇదే, నీ మొహం ఇదే అంటోంది. నేను కళ్ళు చికిలించి చూశాను. నాకు మట్టి రంగు. ఎలా నమ్మను? అక్కకి ఆకుపచ్చ అయితే చాలు. నన్ను ఓదార్చడానికి అంటోందేమో. కానీ జడ్జికి ఓదార్చడం చేతకాదు.

అప్పుడు బొటనవేలికి తగిలింది. కాడ మీద గంటు.

నేను పెట్టిన గంటు. కన్ను బాగున్నప్పుడు, ఇదే అని ఏడ్చి నేను పెట్టిన గంటు. అక్కకి దాని సంగతే తెలీదు.

రంగు వెలవలేదు. స్పూను చెడిపోలేదు, సబ్బుపొడి డబ్బాకి ఇచ్చేశాక దాన్ని నేనే మర్చిపోయాను. నా బుర్ర నిజమే చెప్పింది, అక్క బుర్రా నిజమే చెప్పింది. చెడింది నా కన్ను ఒక్కటే. లేచి అక్కని పట్టుకున్నాను. ఇద్దరం సబ్బుపొడిలో కూర్చుని పిచ్చివాళ్ళలా ఏడ్చాం. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బాగుంది అనలేదు పాపం.

కాసేపటికి అక్క ముక్కు తుడుచుకుని, చూశావా ఆకుపచ్చే అంది. నీలం ఉంది అన్నాను. ఉంటే ఉందిలే, ఆకుపచ్చే అంది. ఇన్నేళ్ళూ ఒకే రంగు పట్టుకుని కొట్టుకున్నాం.

మార్చి 24, మంగళవారం

స్పూను తీసుకుని షాపుకి వెళ్ళాం. ఓనరు మంచిగానే ప్రయత్నించాడు. స్పూను ఉబ్బుగా ఉంది, మిషన్‌కి చదునుగా ఉండాలి. ప్రతిసారీ ఒక్కో అంకె. దాని మొహం, దానికేం తెలుసు అన్నాను. ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కావలసిన రంగులు డబ్బాల్లో పోసి ఇచ్చాడు ఓనరు, వీధి చివరి దాకా తనే మోసుకొచ్చాడు.

మార్చి 26, గురువారం

అక్క కళ్ళు, నా చేతులు. నరకం.

దానికి రంగుల మాటలు రావు. ఇంకా అదోలా ఉంది అంటుంది. అదోలా అంటే ఏమిటే? ఎరుపు వైపా, పసుపు వైపా? ఏమో, స్పూను నవ్వుతోంది, ఇది నవ్వడం లేదు అంటుంది. నవ్వడమేమిటే నీ తలకాయ్. టూత్‌పిక్ మొనతో తెలుపు వేశాను. ఇప్పుడు పళ్ళికిలిస్తోంది అంది. అర్థమైంది. తెలుపు ఎక్కువ. షాపులో ఏ కస్టమరూ ఇంత సరిగ్గా చెప్పలేదు నిజానికి.

మార్చి 28, శనివారం

నలుపు, టూత్‌పిక్ మొన. అక్క కొత్త స్పూను పాత స్పూను పక్కన పెట్టి, అటూ ఇటూ మార్చి, ఏది ఏదో నాకే తెలియడం లేదు, ఆ గంటు చూసి చెప్పు అంది.

తడిమి చెప్పాను.

మార్చి 29, ఆదివారం

పొడి రోజు. తెల్ల ప్రైమర్ మళ్ళీ మొన్ననే వేసి ఉంచాను. ఇవాళ రంగు. కారు ఎక్కడుందో మసగ్గా తెలుస్తోంది, అంచులు తెలియడం లేదు. చేతికి తెలుసు. పక్కన మొదలుపెట్టి, దాటాక ఆపడం. అక్క పక్కన కూర్చుని ఎక్కడ తడి మెరిసిందో, ఎక్కడ పొడిగా ఉందో చెప్తూ వచ్చింది. ఒకసారి ఆపు ఆపు అని అరిచింది. కారబోయిందట. కారలేదు.

అట్టపెట్టె మూశాం. ముట్టుకుంటే చంపుతానని అక్కకి చెప్పాను. వాసన పోయేదాకా.

ఏప్రిల్ 5

పెట్టె ఎత్తి కిటికీ వెలుగులో చూశాను, చూడగలిగినంత. నాకా కారు ఫోటోలో ఉన్నట్టే కనిపిస్తోంది. బూడిద రంగు. పక్కన బానెట్ మీద చెయ్యి వేసి ఎవరూ లేరు, అంతే తేడా.

అక్కని అడిగాను, ఎలా ఉందే అని. క్లచ్ తల్లీ క్లచ్ అంది. ఇంకేం అడగలేదు నేను.

ఏప్రిల్ 14, మంగళవారం

వాసన తగ్గింది. ఇంకా పోలేదు. ఖాళీగా కూర్చోలేక మిగతావి చేశాను. సీట్లు, చక్రాలు, కింది చట్రం. ఇవి చేతికి తెలిసిన పనులే, చూపు అక్కర్లేదు. అద్దాలు వేరే కాగితంలో చుట్టి పెట్టాను. అక్క వాటికి ఇన్‌స్టంట్ గమ్ము వాడదాం, చిటికెలో అయిపోతుంది అంది. దాని ఆవిరికి అద్దం పొగచూరి తెల్లబడిపోతుందే తల్లీ, తెల్ల జిగురే వాడాలి, ఆరేదాకా ఆగాలి అని చెప్పాను. గుర్తుపెట్టుకుంటాను అంది. నేను చేయలేకపోతే తను చేయాలి కదా. అది ఇద్దరం పైకి అనలేదు.

నాకు భయంగా ఉంది. పగలు కూడా గదిలో ఎవరో కర్టెన్ వేసినట్టు ఉంటోంది. లేచి కర్టెన్ తీయబోతే తీసే ఉంటుంది. అక్క చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, చిన్నప్పుడు వెనక సీట్లో కూర్చున్నట్టు.

ఏప్రిల్ 22, బుధవారం

రంగు ఆరింది. సన్న కాగితంతో, నీళ్ళతో, మెల్లగా రుద్దాను. వేలి కొసకి దుమ్ము నలుసులు తెలుస్తాయి, కంటికి తెలియనివి కూడా. అంచుల మీద రుద్దకూడదు, రంగు ముందు అక్కడే పోతుంది. తర్వాత కడిగి, ఆరబెట్టి, క్లియర్ వేశాను, మెరుపు కోసం పైన వేసే రంగులేని పూత. ఎనామెల్ మీద ఎనామెల్ క్లియరే. లాకర్ రకం వార్నిష్ వేస్తే అంతా ముడతలు పడుతుంది. డబ్బా మీద పేరు అక్క చేత రెండుసార్లు చదివించాను.

చివరి కోటు ఇదే. దీని వాసన పోతే ఇక ముగిసినట్టే.

లైన్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని అక్క కాగితానికి అడ్డంగా మాస్కింగ్ టేపు అంటించింది. దాని అంచు పట్టుకుని రాస్తున్నాను. తను చదవడం లేదని ఒట్టు వేసింది. జడ్జి కదా, నమ్ముతాను.

ఏప్రిల్ 30

దీపం ఎటుందో తెలుస్తోంది. మా ఆయన తలుపు దగ్గర నిలబడితే తెలుస్తోంది. ఎలా ఉన్నావు అని నిన్న ఆయన్ని అడిగితే, బాగోలేదు అన్నాడు. మొదటిసారి అన్నాడు ఆ మాట. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

కారుకి ఇంకా వాసన ఉంది.

మే 10 అనుకుంటా

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు.

ఇక ముట్టుకోవచ్చు.